షెల్టరు కింద గోడలు

గవ్వలమొగ,
26-4-98

తమ్ముడు చక్రపాణికి అక్క స్వరాజ్యం దీవెనలు. ఇది బస్సులో నిలబడి చదివే ఉత్తరం కాదు, కూర్చుని చదువు.

గోడలు లేచిపోయాయిరా! తుఫాను షెల్టరు కింద ఇన్నేళ్ళూ ఉత్త స్తంభాలే కదా. పగలు పేకాటగాళ్ళు, సాయంత్రమైతే పందులు. వీర్రాజు ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు కట్టించి, పైన తన పేరు రాయి వేయించుకుని, కింద మాత్రం గాలికి వదిలేశాడు. ఇప్పుడు నేను ప్రెసిడెంటునయ్యాక నాలుగు వైపులా గోడలు, కిటికీలకు ఊచలు, గుమ్మానికి టేకు తలుపులు. గుమ్మం పక్కన నున్నటి రాయి మీద నా పేరు. రంగు ఆరకముందే వేలితో తడిమి చూసుకున్నాను. నవ్వకు.

అంతా నీ చలవే. షెల్టరుకి గోడలని అడిగితే ఏడాదిపాటు ఉలుకూ పలుకూ లేని ఫైలు, నువ్వు తెలివిగా "అదనపు తరగతి గదులు" అని రాయించేసరికి గుర్రంలా పరిగెత్తింది. ఎర్రమంజిల్ ఇంజనీర్ల ఆఫీసులో నా తమ్ముడు సూపరింటెండెంటని ఊరంతా చెప్పాను. వీర్రాజు ప్రారంభానికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగి చూసి, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయాడు. కుళ్ళు.

సెలవులైనా పిల్లలు ఇవాళే చాపలు వేసుకుని కూర్చున్నారు. తలుపు వేస్తే చాలు, చుక్క గాలి రాదు. మన అమ్మ గుర్తొచ్చింది. తుఫాను గాలి మొదలవగానే ముందు తలుపు, వెనక తలుపు బార్లా తీయించి, మనం చలికి వణుకుతుంటే "ఏదొచ్చినా ఇటొచ్చి అటు పోవాలి" అనేది చూడు. ఆ చాదస్తం రోజులు పోయాయి. ఇక తలుపేసుకుని హాయిగా కూర్చోవచ్చు.

ఫొటో పంపుతున్నాను. అందులో కొంగు సర్దుకుంటున్నది నేనే. జానకికి చూపించు.

మీ అక్క,
స్వరాజ్యం


అమీర్‌పేట,
18-6-98

అక్కయ్యకు నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. అని రాశాను గానీ నాకు కులాసాగా లేదు. ఉత్తరం రాసి, చించి, మళ్ళీ రాస్తున్నాను.

మా వీధి నువ్వు చూసినప్పటిలా లేదు. ఇళ్ళు కనబడవు, కంప్యూటరు కోర్సుల బోర్డులే. పాల ప్యాకెట్టుకు వెళితే చేతిలో కరపత్రం పెడతారు. మొన్నొక కుర్రాడు నన్ను కూడా ఆపి, "అంకుల్, జావానా, మెయిన్‌ఫ్రేమా?" అన్నాడు. నీ మరదలు జానకి అది తలచుకుని ఇంకా నవ్వుతోంది. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయట, వీళ్ళంతా వెళ్ళి బాగుచేస్తారట.

సరే, అసలు సంగతి. నువ్వు పంపిన ఫొటో నా బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. మా డిజైన్ల విభాగంలో ఇంజనీరు సాబిర్ గారని ఉన్నారు. పక్కా హైదరాబాదీ. సముద్రతీరం కట్టడాల లెక్కలు ఆయనే వేస్తారు. సంతకానికి వచ్చి ఫొటో మీదకి వంగారు.

"చక్రపాణి సాబ్, గీ బిల్డింగ్ ఏడిది?"

"మా అక్కయ్య ఊళ్ళో తుఫాను షెల్టరండీ."

"షెల్టరా? మరి కాళ్ళేవి?"

గోడల్లో ఉన్నాయని నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు. "గా గోడలు ఎవరు కట్టిండ్రు? మస్తు గలత్ పని చేసిండ్రు. దరియా పొంగితే నీళ్ళు గా కాళ్ళ నడుమకెల్లి పోవాలె. గందుకే ఖాళీ విడిచిపెడ్తం. అడ్డం గోడ పెడితే నీళ్ళు బిల్డింగునే తోస్తయ్. కింద ఇసుక సుత కోసుకపోతది. పైన జనం ఉంటరు గద సాబ్?" అన్నారు. ఈ ఎస్టిమేటు తన విభాగానికి ఎందుకు రాలేదని అడిగారు. తరగతి గదులని రాస్తే డిజైన్ల వాళ్ళకి ఎందుకు వెళుతుంది?

కాబట్టి అక్కయ్యా, నీకు వీలైతే, తొందరేమీ లేదు, తుఫానుల కాలం లోపల సముద్రం వైపు గోడ, దానికి ఎదురు గోడ తీయించేస్తే మంచిది. మిగతా రెండూ ఉండొచ్చట. నీ మనసు కష్టపెట్టాలని కాదు.

నీ తమ్ముడు,
చక్రపాణి


గవ్వలమొగ,
5-7-98

చక్రపాణికి,

మీ ఇంట్లో వీర్రాజుకి పెసరట్టు నచ్చిందటగా? ఉప్మా కూడా వేసిందట జానకి. ఊరంతా చెప్పుకున్నాడు.

జూన్‌లో వీర్రాజు హైదరాబాదు వచ్చాడు. మీ ఇంట్లో దిగాడు, తిన్నాడు, పడుకున్నాడు. ఆ ముక్క నీ ఉత్తరంలో లేదు. పాల ప్యాకెట్టు ఉంది, కరపత్రం ఉంది, వీర్రాజు లేడు. అతను ఊళ్ళోకి దిగిన వారానికే నా గోడలు పడగొట్టమని నీ ఉత్తరం దిగింది. నేను పెద్దగా చదువుకోలేదు గానీ గడ్డి తినడం లేదురా.

వచ్చే పంచాయతీ ఎన్నికల్లో వాళ్ళావిడని నిలబెడతాడట. నా చేత్తో కట్టించినవి నా చేత్తోనే పడగొట్టిస్తే ఇంకేం కావాలి అతనికి? ఆ సాబిర్ గారెవరో, ఉన్నారో లేరో. తొంభై ఆరు తుఫానుకి కొబ్బరిచెట్లు విరిగి ఊరు బోసిపోయింది, షెల్టరు చెక్కుచెదరలేదు. కోనసీమలో పుట్టి, తుఫానుని సినిమాల్లో చూసినవాడిలా నాకు తుఫాను గురించి చెబుతావా?

పిల్లలు కిందే చదువుకుంటున్నారు. వాళ్ళ గొంతులు మా వంటింట్లోకి వినిపిస్తాయి. అవి ఆపించమంటావా?

జానకికి మాత్రం ఆశీస్సులు.

స్వరాజ్యం


అమీర్‌పేట,
21-7-98

అక్కయ్యా,

నీ ఉత్తరం జానకి చదివి, "తప్పు మీదే, ముందే చెప్పాల్సింది" అంది. వీర్రాజు గారు కొడుకుని కంప్యూటరు కోర్సులో చేర్పించడానికి వచ్చారు. మన ఊరివాడు గుమ్మంలో నిలబడితే పొమ్మనలేకపోయాను. నీకు కోపం వస్తుందని రాయలేదు. గోడల మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అమ్మ మీద ఒట్టు.

మొన్న పంజాగుట్టలో కుంభవృష్టి. చౌరస్తా దగ్గర బస్సులు ఈదుతున్నాయి. నాలా పొంగి ఒక ఇంటి ప్రహరీ మీద పడింది. కొత్త గోడ, నిలువెత్తు. సాబిర్ గారూ నేనూ అరుగెక్కి చూస్తుండగానే మొత్తం పక్కకి ఒరిగి పడిపోయింది. దాని పక్కనే ఇనుప ఊచల గేటు, వాకిట్లో నాలుగు కర్రల మీద టీ బండి పందిరి. వాటి మధ్య నుంచి నీళ్ళు పోయాయి, అవి నిలబడ్డాయి. సాబిర్ గారు నా భుజం పట్టుకుని, "చూసిన్రా? మీ అక్కగారికి గిదే రాయండి. తొంభై ఆరుల మీ ఊరికి గాలి వచ్చింది, నీళ్ళు రాలే. గాలి వేరు, నీళ్ళు వేరు" అన్నారు. ఆయన ఉన్నారక్కయ్యా, నిజంగానే ఉన్నారు.

ఆఫీసులో కదిపి చూశాను. కట్టడానికి ఎవరైనా సంతకం పెడతారు, ఇప్పుడే కట్టింది తప్పని ఎవరు పెడతారు? "మీరే కదండీ ఫైలు పెట్టింది" అని నావైపే తిప్పుతున్నారు. ఇలాగే ఇంకో నెల తిరిగితే నన్ను ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి తీసుకెళతారు.

పిల్లల్ని ఆపమనడం లేదు. రెండు గోడలు తీసినా నీడ ఉంటుంది. ఒక్క ముక్క రాయి.

చక్రపాణి


అమీర్‌పేట,
14-9-98

అక్కయ్యా,

జూలై నుంచి ఇన్ని ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. బంగాళాఖాతం అన్న మాట వింటే చాలు, టీవీ శబ్దం పెంచుతున్నాను. జానకి రిమోటు దాచేసింది.

టెలిగ్రాం ఇద్దామంటే మన పోస్టాఫీసులో నీకన్నా ముందు ఊరు చదువుతుంది. ఫోను ఒక్క వీర్రాజు గారింట్లోనే ఉంది. తప్పక చేశాను. నిన్ను పిలవమంటే, "ఆవిడ మా గడప తొక్కదు బాబూ, సంగతేంటో చెప్పు, నేను చెబుతాను" అన్నారు. గొంతులో కంగారు దాచుకోలేక నోరు జారాను, "గోడలు తీయించమనండి" అని. పెట్టేశాక తల పట్టుకున్నాను.

నువ్వు తిట్టు, పడతాను. జవాబు మాత్రం రాయి.

చక్రపాణి


గవ్వలమొగ,
3-10-98

చక్రపాణికి,

నీ ఫోను సంగతి చేపల బజారులో విన్నాను. "సొంత తమ్ముడే పడగొట్టమంటున్నాడట" అని ఒకావిడ నా ఎదురుగా రొయ్యలు వొలుస్తూ అంది. వీర్రాజు అన్నాడో, అతని ఫోను పక్కన కూర్చున్నవాళ్ళు అన్నారో. ఒకవేళ నాకు పడగొట్టాలని ఉన్నా, ఇప్పుడెలా పడగొట్టను? వీర్రాజు మాట విని కూల్చేసుకుందంటారు.

అయినా మండలాఫీసుకి వెళ్ళాను. నీ మీద ప్రేమతో కాదు, నిద్ర పట్టక. గోడలు తీయొచ్చా అని అడిగితే, "ప్రభుత్వ ఆస్తి ప్రెసిడెంటు గారూ, ఇటుక కదిపితే కేసు" అన్నారు. తుఫాను వస్తే జీపు పంపిస్తారట, మైకు ఉందట, కొవ్వొత్తులు, బియ్యం సిద్ధమట. అన్నీ ఉన్నాయి. షెల్టరు నిలబడుతుందా అని అడిగితే, "మొన్ననే కదండీ బాగుచేయించారు" అన్నారు.

సముద్రం రంగు మారింది. వల వేసేవాళ్ళు తొందరగా వచ్చేస్తున్నారు. ఊరు మొత్తం పైన కూర్చుంటుందిరా, బాలింతలతో సహా. మైకు పిలిస్తే నేనే ముందు నిలబడి ఎక్కించాలి వాళ్ళని.

అందుకే ఒక్కటి అడుగుతున్నాను. అమ్మ వింటోందనుకుని చెప్పు. నిజంగా పడిపోతుందా?

స్వరాజ్యం


అమీర్‌పేట,
12-10-98

అక్కయ్యా,

నీ ఉత్తరం పట్టుకుని నేరుగా సాబిర్ గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పడ్తదని రాసియ్యలేను సాబ్, పడదని సుత రాసియ్యలేను. మా అమ్మ పైన కూసుంటానంటే మాత్రం కూసోనియ్య" అన్నారు.

ఇంతకన్నా ఏం చెప్పను? పడగొట్టేయ్. కేసు పెడితే నా పేరు చెప్పు. తరగతి గదులని రాయించింది నేనే, తప్పు నాదే అని ఇవాళ పైఅధికారికి కాగితం ఇచ్చాను. సెలవు పెట్టాను, రేపు రాత్రి రైలెక్కుతున్నాను. వచ్చి నీ పక్కన నిలబడి గునపం పడతాను.

నీ చక్రం


గవ్వలమొగ,
24-10-98

ఒరేయ్ చక్రం,

అందరం బతికే ఉన్నాం. అది ముందు చదువు.

నువ్వు పన్నెండో తారీఖున రాసిన ఉత్తరం ఇవాళ వచ్చింది. కవరు తడిసి, అక్షరాలు నీలంగా పాకి ఉన్నాయి. నీ రైలు రాజమండ్రి దాకా కూడా రాకుండా ఆపేశారని జానకి రాసిన కార్డు కూడా ఇవాళే. తుఫాను రోజున ఈ జవాబేదీ నా దగ్గర లేదు.

పొద్దున్నే మైకు జీపు వచ్చింది. జనం మెట్లెక్కుతున్నారు. మేకల్ని కూడా ఎక్కించారు. నేను కిందికి వెళ్ళి చాపలు, నల్లబల్ల పైకి పంపించి, కిటికీలు మూసి, గడియలు వేస్తున్నాను. గాలి హోరు. టేకు తలుపు మూసి గడియ మీద చెయ్యి వేశాను, ఇంక చెయ్యి కదల్లేదు. ఎందుకో తెలుసా? అమ్మ ఉంటే వీపు మీద ఒక్కటి వేసేది. గాలి రోజున తలుపు మూస్తావా అని. భయమేసిందిరా.

నీతో మాట్లాడదామని వీర్రాజు గడప తొక్కాను. ఫోను చచ్చిపోయి ఉంది. అతను కుటుంబాన్ని ఎక్కించి, తాళం వేస్తున్నాడు. అడిగేశాను.

"వీర్రాజూ, నువ్వు కట్టించినప్పుడు కింద ఎందుకు ఖాళీ వదిలేశావు?"

"నేనెక్కడ వదిలానమ్మా, ఇంజనీరు వదలమన్నాడు. సముద్రం వస్తే దారి ఉండాలన్నాడు."

"మరి నేను గోడలు కడుతుంటే ఎందుకు చెప్పలేదు?"

"నేను చెబితే నువ్వు ఇంకో వరస ఎక్కువ కట్టేదానివి!" అన్నాడు.

కట్టేదాన్నేరా. ఒట్టు, కట్టేదాన్ని. అతను నోరు మూసుకున్నాడు, నేను చెవులు మూసుకున్నాను. ఊరేమో పైన కూర్చుని ఉంది.

అతనింట్లో కొబ్బరి ఒలిచే గునపాలన్నీ తీశాం. మెట్ల మీద ఉన్న మగవాళ్ళని పిలిస్తే కేసని వెనకాడారు. అప్పుడు నా పేరు రాయి ఉందే, ఆ గోడకే మొదటి దెబ్బ నేను వేశాను. అది సముద్రం వైపు గోడే. రాయి రెండు ముక్కలై నా కాలి దగ్గర పడింది. రెండో దెబ్బ వీర్రాజు వేశాడు. తర్వాత ఆడా మగా అందరూ దిగారు. ఏడుస్తూనే కొట్టాను, చెప్పకేం. నీ మీద కోపంతో కాదు, నువ్వు పక్కన లేవని.

ఎదురు గోడ కూడా కూల్చి పైకి ఎక్కాం. మధ్యాహ్నానికి నీళ్ళొచ్చాయి. అలలా రాలేదు, ఊరు ఊరే కదిలొచ్చినట్టు వచ్చాయి. మా కాళ్ళ కింద నేల గజగజలాడింది. ముసలాళ్ళు దేవుళ్ళందరినీ పిలిచారు. నీళ్ళు ఇటు దూరి అటు పోతున్న చప్పుడు గచ్చులోంచి వినపడుతూనే ఉంది. ఆ చప్పుడు ఆగితే చచ్చామని నేను గచ్చు మీద చెవి ఆనించి పడుకున్నాను. ఆగలేదు. దిగి చూస్తే వడ్ల గోడౌను లేదు. నాలుగు గోడలూ గట్టిగా ఉండేవి దానికి. కప్పు వెళ్ళి కాలవలో పడింది.

మర్నాడు అధికారులు వచ్చారు. షెల్టరు ముందు నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. బియ్యం ఇచ్చారు, కిరోసిను ఇచ్చారు, మంచిగానే మాట్లాడారు. వెళ్ళబోతూ ఒకాయన వెనక్కి తిరిగి, "ఈ గోడలు ఎవరు పగలగొట్టారు?" అన్నాడు.

అక్క


అమీర్‌పేట,
20-11-98

అక్కయ్యా,

నీ ఉత్తరం గట్టిగా చదవబోయి సగంలో కాగితం జానకి చేతిలో పెట్టాను, మిగతాది తను చదివింది. సాబిర్ గారికి చెబితే, "మీ అక్కగారికి నా సలాం జెప్పండి" అని మొహం అటు తిప్పుకున్నారు.

ఒక కష్టం ఉంది. నీకు మెమో వస్తుంది. ప్రభుత్వ కట్టడాన్ని ఎవరి ఆదేశం మేరకు పగలగొట్టారో సంజాయిషీ ఇమ్మని. అది నా బల్ల మీదే తయారైంది. కింద నా పొట్టి సంతకం కనబడుతుంది, చూసి గుండె పగలగొట్టుకోకు. రాయనంటే ఇంకొకడు రాస్తాడు, ఇంకా కర్కశంగా రాస్తాడు. నా కాగితం మీద కూడా విచారణ ఉంది.

నా ఉత్తరాలన్నీ నీ దగ్గర ఉన్నాయి కదా, జత చెయ్యి. "నా తమ్ముడు చెప్పాడు" అని రాయి. ఇంతకాలం మెల్లగా, మొహమాటంగా చెప్పానే గానీ, చెప్పిన మాట నిజమే కదా. నీకు నేను ఇవ్వగలిగింది అదొక్కటే.

చక్రపాణి


గవ్వలమొగ,
6-12-98

చక్రానికి,

మెమో అందింది. నీ సంతకం చూసి గుర్తుపట్టాను, చిన్నప్పుడు పలక మీద వేసిన వంకరే. తిట్టడం కూడా ఎంత మర్యాదగా రాశావురా!

నీ ఉత్తరాలు ఇవ్వను. పాల ప్యాకెట్లు, పెసరట్లు, నువ్వు నోరు జారడం, ఇవన్నీ అధికారులు చదవాలా? అదీగాక నువ్వు పడగొట్టేయ్ అన్న ఉత్తరం నాకు అందేసరికి గోడలు లేవు. లేనిది రాస్తే అబద్ధం అవుతుంది. నీ విచారణలో నువ్వు నిజం చెప్పుకో, నాదాంట్లో నేను చెబుతాను.

"ఎవరి ఆదేశం మేరకు" అన్న దగ్గర చాలాసేపు ఆలోచించాను. తర్వాత రాసేశాను: "మా అమ్మ కీర్తిశేషులు మహాలక్ష్మమ్మ ఆదేశం మేరకు. ఏదొచ్చినా ఇటొచ్చి అటు పోవాలని ఆమె చెప్పేది." వీర్రాజు చదివి, కలం అడిగి, కింద సాక్షి సంతకం పెట్టాడు. "నిజమే, మా ఇంటికొచ్చి కూడా తలుపులు తీయించేది" అన్నాడు. పదవి తీసేస్తే తీసేస్తారు. వాళ్ళావిడ నిలబడితే నిలబడుతుంది. కింద గోడ కట్టకూడదని ఇప్పుడు వాళ్ళావిడకి కూడా తెలుసు కదా.

పిల్లలు పైన చదువుకుంటున్నారు, తాళం చెవి మాస్టారికి ఇచ్చేశాను. వానజల్లు పడితే మాత్రం బెంగగానే ఉంటుంది. మెట్ల కింద ఇసుక కొంచెం కోసుకుపోయింది. సాబిర్ గారిని ఒక్కసారి వచ్చి చూడమను. ఆయనకి రొయ్యల కూర నేనే వండుతాను. ఫైలేమీ పెట్టకు, ఊరికే చూడమను.

రేడియోలో మళ్ళీ అల్పపీడనం అంటున్నాడు. సాయంత్రం షెల్టరు కిందికి వెళ్ళి చూసొచ్చాను. పందులు తిరిగొచ్చి పడుకున్నాయి. అదిలించబోయి ఊరుకున్నాను. పడుకోనీ.

అక్క